వేదము, మఱై, చదువు : ఒక శబ్దార్థ విమర్శ

మతగ్రంథములకు లోకమున వాడుకలో నున్న పేళ్లను ఒకచోఁ జేర్చి చూచినచో, అవి యన్నియు ఒక్క తీరునఁ బుట్టినవి కావని తెలియును. బైబిలు అను మాటకు గ్రీకుభాషలో పుస్తకములు అని యర్థము. బౌద్ధుల త్రిపిటకము మూఁడు బుట్టలు. 1708లో గురు గోవిందసింహుఁడు నాందేడునఁ దన యనంతరము గురుస్థాన మొసఁగిన గ్రంథసాహెబునకు గ్రంథమనునదే పేరు. గ్రంథమనఁగా ముడివేయఁబడినది, కూర్పఁబడినది. ఖురాను అను అరబ్బీ పదమునకుఁ బఠనము అని యర్థము. ఇఁక వేదమనఁగా తెలియుట. శ్రుతి యనఁగా వినుట. వీనిలోఁ గొన్ని చేతిలోని వస్తువును బట్టియు, కొన్ని నోటిని బట్టియు, కొన్ని చెవిని బట్టియు, కొన్ని బుద్ధిని బట్టియు ఏర్పడినవి. ఇన్ని తెఱఁగుల పేళ్లను మనము నేఁడు ‘పవిత్రగ్రంథము’ అను ఒక్క మాటతో సరిపెట్టుచున్నాము. ఈ సమీకరణము సౌకర్యమే గాని సత్యము కాదు. ఒక జాతి తన పరమప్రమాణమున దేనిని ముఖ్యమని తలఁచినదో, ఆ తలఁపు పేరిలో నిలిచియుండును. పేరు చెరిపివేసినచోఁ దలఁపును జెరుగును.

ఈ వ్యాసమునఁ బ్రధానముగా మూఁడు మాటలను విచారింపఁదలఁచితిని: సంస్కృతమున వేదము, తమిళమున మఱై, తెలుఁగునఁ జదువు. తమిళనాట తరతరములుగా నున్న తెలుఁగువారికి ఈ మూఁడును ఇంటిలోను పొరుగునను వినఁబడు మాటలే. కన్నడసీమ, మహారాష్ట్రము, యానాము పక్షమునుండియు ఈ విచారమునకు వచ్చిచేరు సాక్ష్యములు గలవు. కావున ఇది పండితుల నిఘంటుచర్చగా మాత్రమే ముగియునది కాదు.

మొదట వేదశబ్దము. ‘విద్’ ధాతువు పాణినీయ ధాతుపాఠమున ఐదు గణములలోఁ గానవచ్చును. అదాదిలో దానికి జ్ఞానము, దివాదిలో సత్త, తుదాదిలో లాభము, రుధాదిలో విచారణము అర్థములు. చురాదిలో చేతనము, ఆఖ్యానము, నివాసము అని మూఁడర్థములు చెప్పఁబడినవి. వేదమును నిర్వచించినవారు సామాన్యముగా జ్ఞానార్థమునే గైకొన్నను, లాభార్థమును విడువలేదు. ఇతర ఆర్యభాషలతోఁ బోల్చి చూచినచో ఈ ధాతువు మిక్కిలి ప్రాచీనమని తేలును. గ్రీకున ‘ఓయిద’ అనఁగా ఎఱుఁగుదును. లాటినున ‘వీదేఓ’ అనఁగాఁ జూచుచున్నాను. జర్మనున ‘విస్సెన్’ అనఁగా ఎఱుఁగుట. చూచుట, ఎఱుఁగుట అను రెండర్థములును ఒక్క మూలమునుండి చీలినవి. తెలుఁగువారికి ఇది వింత కాదు. మనము ‘కనుఁగొను’ అనునపుడు కంటితోఁ జూచుటయు, ఎఱుఁగనిదానిని ఎఱుఁగుటయు రెండును జెప్పుచున్నాము. ఋషులను మంత్రకర్తలనక మంత్రద్రష్టలనుటలోఁ గల భావమును ఈ ధాతుచరిత్రకుఁ దగియే యున్నది.

అయితే వేదశబ్దము మొదటినుండియు ఒక గ్రంథరాశికి పేరుగా నుండెనని తలఁపరాదు. ఋక్సంహితలో ఇది నామవాచకముగా మిక్కిలి అరుదు. అష్టమమండలమున 19వ సూక్తమందు సమిధతోను ఆహుతితోను గూడి ఒకసారి వచ్చినది. అచట దానిని నాలుగు సంహితల పేరుగాఁ జెప్ప వలనుపడదు. ఏలయన ఆ సంహితలు అప్పటికి సంకలితములే కావు. అథర్వసంహితలో బహువచనముగాఁ గనఁబడును. బ్రాహ్మణములు, ఉపనిషత్తులు వచ్చునప్పటికే ఋగ్వేదము, యజుర్వేదము, సామవేదము అను విభాగము స్థిరపడినది. మొదట మూఁడింటికే ప్రాముఖ్యముండుటచేతఁ ద్రయి యను పేరు కలిగినది. నాలవదానికి ఆ పంక్తి పిమ్మటఁ గలిసివచ్చినది.

మఱియొక వేదశబ్దము గలదు. యజ్ఞమున వేదిని తుడుచుటకై దర్భలతోఁ గట్టిన చిన్న కట్టకును వేదమనియే పేరు. జ్ఞానార్థమున స్వరము మొదటి యచ్చుపై నుండఁగా, దర్భముష్టి యర్థమునఁ జివరి యచ్చుపై నుండును. వినువారికి ఈ భేదము స్పష్టము. వ్రాఁతలో స్వరచిహ్నము లేనిచో రెండును ఒకటే. తైత్తిరీయసంహిత ప్రథమకాండమునందు ఈ దర్భకట్టకు నిర్వచనము కలదు: దేవతలు అసురుల విత్తమును దీనితోఁ బొందిరి కావున దీనికి వేదత్వము వచ్చెనని దాని తాత్పర్యము. ఇచట గ్రహింపఁబడినది లాభార్థము. తెలుఁగునాట బ్రాహ్మణులలో హెచ్చుమంది తైత్తిరీయశాఖీయులు, ఆపస్తంబసూత్రులు. వారి స్వశాఖలోనే ఈ చీపురుకట్ట వేదమున్నది. జ్ఞానరాశికిని, నేలను తుడుచు గడ్డికట్టకును ఒక్క పేరుండుటను జూచి మనము వెఱఁగుపడుదుము గాని, యజ్ఞశాలలోని వారికి ఆ భేదము స్వరముచేతనే తీరినది. మాట యొక్క అర్థము చెవిపై నాధారపడియున్నదనుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము దొరకదు.

పదునాలుగవ శతాబ్దిలో విజయనగరప్రభువుల ఆశ్రయమున వేదభాష్యములు రచించిన సాయణాచార్యులు వేదమునకు రెండు విధముల లక్షణము చెప్పిరి. కోరినదానిని బొందుటకును, కోరనిదానిని దొలఁగించుకొనుటకును లోకసిద్ధము కాని యుపాయమును దెలుపునది వేదమని యొకటి. ప్రత్యక్షముచేతను అనుమానముచేతను దెలియరానిదానిని దేనిచేత నెఱుఁగుదుమో అది వేదమని రెండవది. రెంటియందును వేదము ఒక సాధనము. పూజింపవలసిన వస్తువు కాదు. ఆపస్తంబుఁడు యజ్ఞపరిభాషలో మంత్రబ్రాహ్మణములు రెంటికిని వేదమను పేరు గలదని చెప్పినపుడును, అది శబ్దరాశికి హద్దు గీయుటయే గాని పుస్తకమును నిర్దేశించుట కాదు.

వేదమునకు సంస్కృతమునఁ గల పర్యాయములను బరీక్షించినచో ఈ విషయము దృఢపడును. శ్రుతి వినఁబడునది. ఆమ్నాయము అభ్యాసముచేతఁ బరంపరగా వచ్చునది. స్వాధ్యాయము తాను నిత్యము చదువుకొనునది. ఆగమము వచ్చినది, చేరినది. పాణిని వేదభాషను జెప్పునపుడు ఛందస్సు అనును. అది పద్యపు నడకను బట్టి వచ్చిన పేరు. ఇన్ని పర్యాయములలో ఒక్కటియుఁ దాళపత్రమును గాని, లేఖనిని గాని, వ్రాఁతను గాని సూచింపదు. సంహిత, పదము, క్రమము, జట, ఘనము అను పాఠభేదములతో మాటలను ముందు వెనుకలుగా మార్చి మార్చి చెప్పుచు, ఒక్క స్వరమైనను జాఱిపోకుండఁ గాపాడిన యేర్పాటు నోటిది, చెవిది. ఈ వేదపఠన సంప్రదాయమును యునెస్కో 2003లో మానవజాతి మౌఖికవారసత్వపు మేటికృతులలో నొకటిగాఁ బ్రకటించినది. 2008లో ప్రతినిధి పట్టికలోఁ జేర్చినది. మఱల 2007లో పూనాలోని భాండార్కరు ప్రాచ్యపరిశోధన సంస్థయందలి ముప్పది ఋగ్వేద వ్రాఁతప్రతులను ప్రపంచస్మృతి పట్టికలోఁ జేర్చినది. వ్రాఁతకొక గౌరవము, పలుకుకొక గౌరవము వేఱువేఱుగాఁ దక్కుట సమంజసమే; రెండును ఒక వస్తువు కావు.

ఇఁక తమిళమునకు వత్తము. తమిళులు వేదశబ్దమును వేదమనియే తీసికొన్నను, దానికి సొంతమాటలను గూడఁ గల్పించుకొనిరి. ‘మఱై’ వానిలో ముఖ్యమైనది. తొల్కాప్పియమున అంతణుల మఱై యను మాట కలదు. దాని పీఠికాపద్యమున నాన్మఱై, అనఁగా నాలుగు మఱైలు, నేర్చిన యాచార్యుని ప్రసక్తి కలదు. మఱై యనఁగా దాఁగినది. మన తెలుఁగున మఱుఁగు అను మాట దానికిఁ దోఁబుట్టువు. ‘ఓత్తు’ అనునది రెండవది. ఓదు అను ధాతువునుండి పుట్టినది, పఠింపఁబడునది యని యర్థము. తిరుక్కుఱళున 134వ పద్యమున ఈ మాట వేదార్థమున వచ్చినది. కన్నడమున ఓదు అను క్రియ నేఁటికిని చదువుటయే. తమిళ శైవాలయములలోఁ దేవారము పాడువారిని ఓదువార్లందురు. మూఁడవది ‘కేళ్వి’, వినికి. ఇది శ్రుతికి సరియైన మాట. నాలవది ‘ఎళుదాక్కిళవి’, వ్రాయఁబడని పలుకు. కుఱుంతొగైలో 156వ పద్యమున ఈ భావమే ‘ఎళుదాక్కఱ్పు’, వ్రాయఁబడని చదువు, అను మాటతోఁ గలదు.

మఱై యను మాటను గూర్చి ఒక వాదము తఱచుగా వినఁబడుచుండును. బ్రాహ్మణులు వేదమును ఇతరులకుఁ జెప్పక దాఁచిరి కావునఁ దమిళులు దానికి దాఁచినది యని పేరు పెట్టిరని ఆ వాదము. దాఁచుట చరిత్రలో జరుగలేదని నేననను. ధర్మశాస్త్రములు స్త్రీలకును శూద్రులకును వేదాధ్యయనమును నిషేధించినవి, ఆ నిషేధముచేత ఎన్నియో తరములు నష్టపడినవి. అయినను మాటయొక్క పుట్టుక వేఱు, సంఘముయొక్క నడవడి వేఱు. మఱైని దానితోడి మాటలతోఁ గలిపి చూడవలెను. కేళ్వి శ్రుతికి అనువాదము. ఓత్తు అధ్యయనమునకు అనువాదము. ఈ వరుసలో మఱైకిఁ దగిన సంస్కృతపదమును వెదకినచో ‘రహస్యము’ దొరకును. ఉపనిషత్తులకు రహస్యమను పేరు ప్రాచీనమే; మనుస్మృతి ద్వితీయాధ్యాయమున ఆచార్యుని లక్షణము చెప్పునపుడు, కల్పముతోను రహస్యముతోను గూడ వేదమును జెప్పువాఁడని యున్నది. అచట రహస్యము శిష్యునకుఁ జెప్పవలసినది, దాఁచవలసినది కాదు. కావున మఱై అర్థగర్భమైన పలుకు, విచారించినఁగాని తెలియనిది అను భావమే మొదటిదని నా యభిప్రాయము. తిరుక్కుఱళునకుఁ దమిళమఱై యను పేరు వచ్చుటయు దీనినే బలపఱచుచున్నది. దానిని ఎవ్వరును దాఁచలేదు, వీథులలోఁ జదివిరి.

తెలుఁగువారు చేసిన పని వేఱు. వేదమను మాట జనసామాన్యమున నిలిచియుండఁగా, కవులు దానికిఁ గొన్ని తెలుఁగుమాటలు గూర్చుకొనిరి. పదునాఱవ శతాబ్దిలో పొన్నెగంటి తెలగనార్యుఁడు యయాతిచరిత్రముతో అచ్చతెనుఁగు కావ్యమునకు దారితీసెను. పదునెనిమిదవ శతాబ్దిలో కూచిమంచి తిమ్మకవి అచ్చతెలుఁగు రామాయణమును, నీలాసుందరీపరిణయమును రచించెను. ఈ మార్గమునఁ బ్రామినుకు, తొలిపలుకు, ప్రాఁజదువు వంటి మాటలు వ్యాపించినవి. మినుకు అనఁగాఁ గాంతి. తమిళమున మిన్ను అను మాట దీని బంధువు. ప్రామినుకు ప్రాఁతవెలుఁగు. తొలిపలుకు మొదటి మాట. అందముగా నున్నవి గాని, ఇవి కావ్యములలోనే పుట్టి కావ్యములలోనే యుండిపోయినవి. నియమము కొఱకుఁ గల్పించిన మాటలకు సామాన్యముగా ఇదియే గతి.

వీనిలోఁ జదువు ఒక్కటియే వేఱు. అది కల్పితపదము కాదు, నిత్యవ్యవహారములోనిది. చదువు అను మాటకు విద్య, వేదము అను రెండర్థములను మన నిఘంటువులు చెప్పుచున్నవి. సరస్వతి చదువులతల్లి యనునపుడు ఈ రెండర్థములును గలసి యున్నవి. ఈ మాటకు నేఁడు మనము పుస్తకము చూచి చదువుట యను అర్థమునే ముందుగాఁ దలఁచుచున్నాము. కాని భాషలో దాని పూర్వార్థము చెక్కుచెదరక నిలిచిన తావులు గలవు. పురోహితుఁడు చేత పుస్తకము లేకయే మంత్రము చదువును. పద్యము వచ్చినవాఁడు సభలో లేచి పద్యము చదువును. అతని చేత కాగితముండదు. పెండ్లిలో బంధువులు కట్నములు చదివింతురు. ఎవరు ఏమి యిచ్చిరో నలుగురును వినునట్లు బిగ్గఱఁ జెప్పించుటయే చదివింపులు. ఇవి యన్నియు నోటితోఁ బలుకుటను, మఱియొకరు వినుటను జెప్పుచున్నవి. కావునఁ జదువు అను మాట మొదట ఓత్తునకు, ఓదునకు, ఖురాను అను మాటకును సాటియైనది. గ్రంథమను మాటకు సాటి కాదు.

అయితే తెలుఁగుపదములో మఱియొక గుణమున్నది. ఓత్తు పఠనముతో ఆఁగును. కేళ్వి ప్రధానముగా వినికిని జెప్పును. చదువు నోటిపలుకుతో మొదలై బుద్ధిలోని విద్యవఱకు సాగును. ‘వాఁడు పద్యము చదివెను’ అనునపుడు పలుకుట. ‘వాఁడు చదువుకొన్నవాఁడు’ అనునపుడు తెలియుట. శ్రుతి, వేదము అని సంస్కృతము రెండు మాటలుగాఁ జెప్పినదానిని తెలుఁగు ఒక్క మాటలో నిముడ్చుకొన్నది. ఈ రెండు చివరలకు నడుమ దూరమున్నదని మన కవులెఱుఁగుదురు. పోతన భాగవతమునఁ బ్రహ్లాదుఁడు తండ్రికి బదులు చెప్పు ఘట్టమునఁ జదువును, చదువులోని మర్మమును వేఱుపఱచి చెప్పెను. మర్మమనఁగాఁ దమిళుల మఱై. గురువు చెప్పిన పాఠములెల్లఁ బఠించియు మర్మము నెఱుఁగనివాఁడు చదివినవాఁడు కాఁడనుట ఆ బాలుని వాదము. తెలుఁగు పిల్లలు నోటికి నేర్చు పద్యములలో ఇంత తత్త్వమిమిడియుండుట మన సాహిత్యమునకు గొప్ప.

వేదశబ్దము తన హద్దులు దాఁటి వ్యాపించిన చరిత్రయును జూడఁదగినది. ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయమున నారదుఁడు తాను నేర్చిన విద్యలను సనత్కుమారునకుఁ జెప్పుచు, ఇతిహాసపురాణమును ఐదవ వేదముగాఁ బేర్కొనును. ఆ దారినే మహాభారతము పంచమవేదమైనది. వైద్యము ఆయుర్వేదము, విలువిద్య ధనుర్వేదము, నాట్యము నాట్యవేదము నైనవి. తమిళదేశమున నమ్మాళ్వారుల నాలుగు ప్రబంధములు నాలుగు వేదములకు సాటిగాఁ జెప్పఁబడి, తిరువాయిమొళికి ద్రావిడవేదమను ఖ్యాతి వచ్చినది. నమ్మాళ్వారులు వేదాధ్యయనాధికారము గల కులమునఁ బుట్టినవారు కారు. తెలుఁగున తాళ్లపాక అన్నమాచార్యునకుఁ బంచమాగమ సార్వభౌముఁడను బిరుదు కలదు. ఆయన సంకీర్తనలు రాగిఱేకులపైఁ జెక్కఁబడి తిరుమలలో భద్రపఱుపఁబడినవి. కన్నడసీమలోఁ బురందరదాసుల పదములను వ్యాసతీర్థులు పురందరోపనిషత్తు అనిరని సంప్రదాయము. తిరువయ్యాటి త్యాగరాజస్వామి కృతులను త్యాగబ్రహ్మోపనిషత్తు అనుచున్నారు. మహారాష్ట్రమున గోదావరీతీరమునఁ బైఠానులో జ్ఞానేశ్వరుఁడు దున్నపోతుచేత వేదము పలికించెనను కథ ప్రసిద్ధము. 1290లో ఆయనయే గీతార్థమును మరాఠీలో జ్ఞానేశ్వరిగాఁ జెప్పెను.

ఈ పేళ్లను కేవలము భక్తుల యతిశయోక్తులుగాఁ దీసివేయుట సరి కాదు. ఒక పేరును బిగించి పట్టుకొన్నవారికి, ఆ పేరు అందనివారు ఇచ్చిన సమాధానమిది. వేదము వినరాదనినచో, మా భాషలోని ఈ పలుకే మాకు వేదమనిరి. పైఠాను కథలో దున్నపోతు పలికినది మంత్రమే. కాని కథయొక్క గుఱి మంత్రము కాదు, అధికారము. పలుకు నోటిలో నుండునది గాన, ఏ నోటిలో నుండవలెనో కట్టడి చేయవచ్చునని తలఁచినవారికి, నోటికి హద్దు లేదని ఆ కథ చెప్పినది. ఐనను దీనిలో ఒక ప్రమాదమును గలదు. నచ్చిన ప్రతి రచనకును వేదమని, ఉపనిషత్తని పేరిడుచుఁ బోయినచో ఆ పేరు పొగడ్తమాటగాఁ దగ్గును. నమ్మాళ్వారుల కృతికి ఆ పేరు నిలిచినది పొగడ్తవలనఁ గాదు. దేవాలయములలో నియమముగా అధ్యయనము చేయఁబడుటవలనను, వ్యాఖ్యానములు పుట్టుటవలనను. పేరుకు వెనుక అభ్యాసముండవలెను.

ఇతర మతములవారు ఈ మాటను దీసికొన్న తీరు మఱియొక పాఠము. 1606లో తెలుఁగు నాయకరాజుల యేలుబడిలోని మధురకు వచ్చిన రాబర్టు డి నోబిలి సంస్కృతము, తమిళము, తెలుఁగు నేర్చి, క్రైస్తవమును వేదపరిభాషలోఁ బ్రచారము చేసెను. తమిళమున బైబిలునకు వేదాగమమను పేరు నేఁటికిని గలదు, కన్నడమున సత్యవేదము, తెలుఁగున మాత్రము పరిశుద్ధగ్రంథమను పేరే రూఢమైనది. తమిళ మహమ్మదీయులు ఖురానును తిరుమఱై యందురు. ఫ్రెంచివారి పక్షమున 1730ల ప్రాంతమునఁ దెలుఁగుసీమలోఁ బనిచేసిన కల్మెట్ అను జెసూటు ఫాదరీ వేదప్రతులను సంపాదించి పారిసు రాజగ్రంథాలయమునకుఁ బంపెను. ఆ కాలముననే ‘ఏజూర్ వేదము’ అను కృతియొకటి ఫ్రెంచిభాషలో బయలుదేఱినది. 1760లో వోల్టేరు చేతికిఁ జేరి, ఆయన దానిని నిజమైన ప్రాచీనగ్రంథముగాఁ గొనియాడి 1761లో రాజగ్రంథాలయమున కిచ్చెను; 1778లో అచ్చుపడినది. 1782లో సొన్నెరా యను యాత్రికుఁడు అది వేదము కాదనియు, మచిలీపట్టణమున నొక మతబోధకుఁడు వ్రాసిన వాదగ్రంథమనియుఁ జెప్పెను. పిమ్మట ఎల్లిసు దొర పుదుచ్చేరిలో దాని మూలప్రతులను జూచి వ్రాసిన వ్యాసము, ఆయన మరణించిన మూఁడేండ్లకు 1822లో వెలువడినది. 1816లో కాంబెలు తెలుఁగు వ్యాకరణమునకుఁ బీఠికగా ద్రావిడభాషల స్వతంత్రతను నిరూపించిన ఎల్లిసే ఈయన. పుదుచ్చేరితోఁ బాటు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, నేఁడును పుదుచ్చేరి ప్రభుత్వములోనిదైన యానాములోని తెలుఁగువారికి ఈ కథ దూరపుది కాదు.

ఐరోపీయపండితులు ఇంత మోసపోవుటకుఁ గారణమేమి? వేదమనఁగాఁ బుస్తకమని వారు తలఁచిరి. పుస్తకమైనచో ఎవరైన వ్రాయవచ్చును, ఎవరైనఁ గొనవచ్చును, పైనున్న పేరును జూచి నమ్మవచ్చును. వేదమనఁగా గురుముఖమున విని స్వరముతోఁ జెప్పఁదగినది యని తెలిసిన యొక్క వైదికుని యెదుటఁ జదివియుండినచో, ఏజూర్ వేదము ఒక గడియయైన నిలిచెడిది కాదు. శబ్దార్థమును బొరపడుటవలన నొక మహాపండితుఁడు నకిలీని నమ్మెను. నేను మొదట ‘పవిత్రగ్రంథము’ అను సమీకరణమును దప్పనుటకు ఇదియొక కారణము.

రెండవ కారణము మనకు మఱింత సమీపమైనది. తమిళనాటను, కన్నడసీమలోను, ఒడిస్సా మహారాష్ట్రములలోను వందలయేండ్లుగా నున్న తెలుఁగువారిలోఁ బెక్కుమందికి తెలుఁగు ఇంటిభాష. లిపి మాత్రము తెలియదు. వారు బడిలో నేర్చినది ఆయా ప్రాంతముల లిపి. వీరిని గూర్చి ‘తెలుఁగు చదువురానివారు’ అను మాట మనవారే చులకనగాఁ బలుకుట కలదు. చదువు అను మాటయొక్క చరిత్ర నెఱిఁగినచో ఈ మాట యనరు. తల్లి నోట విని నేర్చిన పాట, పెండ్లిపాట, సామెత, పొడుపుకథ, ఇవి వ్రాయఁబడని పలుకులు. వ్రాయఁబడకుండుట తమిళకవి దృష్టిలో వేదమునకే లక్షణము. లిపి లేమి లోపమే గావచ్చును. భాష లేమి కాదు.

అయినను ఇంతటితోఁ దృప్తిపడుటయుఁ దగదు. వినికి యొక్కటియే చాలునని వేదసంప్రదాయమే చెప్పలేదు. మంత్రములకు అర్థము లేదని కౌత్సుఁడనఁగా, యాస్కుఁడు నిరుక్తమున దానిని ఖండించెను. వేదమును వల్లించి దాని యర్థము నెఱుఁగనివానిని బరువు మోయు స్తంభముతోఁ బోల్చుట యచటనే కలదు. ఇన్ని విద్యలు నేర్చిన నారదుఁడు, తాను మంత్రములనే యెఱుఁగుదును గాని ఆత్మ నెఱుఁగనని సనత్కుమారునితోఁ జెప్పుకొనెను. తిరువయ్యాటి కృతులు దీనికిఁ బ్రత్యక్షోదాహరణము. అవి తెలుఁగుపలుకులు, తెలుఁగు రాని గాయకులు గురుముఖమున నేర్చి శ్రద్ధతోఁ గాపాడిరి. తమిళలిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికి ఒక్కటే యక్షరముండుటచేత, అచ్చువేయువారు అక్షరముల ప్రక్కన 1, 2, 3, 4 అను అంకెలుంచి ఉచ్చారణమును నిలుపుచున్నారు. ఈ శ్రమ పూజనీయము. ఐనను గాయకునకు మాట యర్థము తెలియనిచో, పదమును విఱువరాని చోట విఱుచుట తఱచుగా వినుచున్నాము. అచటఁ దెలుఁగు చెవులుగల శ్రోతకు బాధ కలుగును. శ్రుతి నిలిచినది, వేదము జాఱినది.

కావున మన సంఘములు పిల్లలకుఁ దెలుఁగు నేర్పు తరగతులలో ఒక క్రమమును బాటింపవలెనని నా సూచన. మొదట అక్షరమాలను బెట్టి, అది రానిచోఁ బిల్లవానికిఁ దెలుఁగు రాదని తీర్పుచెప్పుట క్రమము తప్పుట. మొదట పద్యమో పాటయో నోటికి రావలెను; స్పష్టముగాఁ బలుకవలెను. వెంటనే దాని యర్థమును ఇంటిమాటలలోఁ జెప్పవలెను. పిల్లవాఁడు తమిళము గాని కన్నడము గాని యెక్కువ యెఱిఁగినచో, మఱుఁగు, ఓదు, మిన్ను వంటి తోఁబుట్టువు మాటలను జూపి చెప్పవచ్చును. అటుపిమ్మట లిపి. నోటికి వచ్చినదానిని కంటికిఁ జూపినపుడు అక్షరము తొందరగాఁ బట్టుపడును. లిపి వలదనుట నా మతము కాదు. లిపి లేనిచో మూఁడవ తరము దాఁటి భాష నిలుచుట కష్టమని అనుభవమే చెప్పుచున్నది. క్రమమును గూర్చియే నా వాదము.

వినుట, పలుకుట, తెలియుట అను మూఁడింటిని జదువు అను ఒక్క తెలుఁగుమాట తనలో నిముడ్చుకొన్నది. సంస్కృతమున శ్రుతియు వేదమును, తమిళమున ఓత్తును మఱైయును వేఱువేఱుగాఁ జెప్పిన భావములు అందుఁ గలిసియున్నవి. ఒకనాఁడు కొందఱికే చెందిన పరమప్రమాణమునకు పేరైన యా మాటయే నేఁడు ప్రతి పిల్లవాని విద్యకును బేరైనది. ఆ పేరు మనకు దక్కినది. ఆ మాట చెప్పు మూఁడు పనులలో ఏదియు విడువక చేయుట మన వంతు.